ఆర్థిక అసమానతలపై ఊళ్లో బహిరంగ ఉపన్యాసం ఏర్పాటు చేయడం ఎలా

వామపక్ష రాజకీయాలు, సంక్షేమ విధానాలు, ఆర్థిక అసమానతల మీద తెలుగునాట సభలకు కొదవ లేదు. హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో, విజయవాడలోని మాకినేని బసవపున్నయ్య విజ్ఞాన కేంద్రంలోనో ఏదో ఒక సదస్సు జరుగుతూనే ఉంటుంది. చిన్న పట్టణాలకు వచ్చేసరికి ఈ సభలకు హాజరయ్యేవారు చాలావరకు పాతవారే, అంటే వక్త చెప్పబోయేదానితో ముందే ఏకీభవించేవారే. ఆ మాటలు ఎవరి జీవితం గురించి చెబుతున్నారో ఆ కౌలు రైతు, ఆ అంగన్‌వాడీ టీచరు, ఆ కాంట్రాక్టు కార్మికుడు మాత్రం హాలు బయటే ఉండిపోతున్నారు. వారు లోపలికి వచ్చి, చివరిదాకా కూర్చుని, లేచి ప్రశ్న అడిగి వెళ్లేలా ఒక ఉపన్యాసాన్ని ఎలా నిర్వహించాలన్నదే ఈ వ్యాసం విషయం. నా అభిప్రాయంలో ఇది రెండు నిర్ణయాల మీద ఆధారపడి ఉంటుంది. మొదటిది, విషయాన్ని ఒకే ఒక్క ప్రశ్నకు కుదించడం. రెండవది, సభ సమయంలో సగాన్ని శ్రోతలకు వదిలిపెట్టడం.

ఇది మన ప్రాంతానికి కొత్త పని కాదు. 1937 వేసవిలో సోషలిస్టులు ప్రకాశం తీరంలోని కొత్తపట్నంలో రాజకీయ పాఠశాల పెడితే అప్పటి మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. పాఠం చెప్పడాన్ని కూడా ప్రమాదంగా భావించారంటే ఆ పాఠాలకు వినేవారు ఉన్నారనే అర్థం. 1940లలో తెలంగాణ పల్లెల్లో, నిజాం పాలనలోని తెలుగువారి సంఘమైన ఆంధ్ర మహాసభ సమావేశాలకు జనం తండోపతండాలుగా రావడానికి కారణం, అక్కడ మాట్లాడింది వెట్టి గురించి, భూమి నుంచి బేదఖలు చేయడం గురించి, అంటే వచ్చినవారి ఇంట్లో నిన్న జరిగిన సంగతి గురించి. ఇప్పటి నిర్వాహకులు ముందుగా పట్టుకోవలసిన సూత్రం ఇదే.

కాబట్టి మొదటి సమావేశంలో వక్త పేరు చర్చకు రానివ్వకండి. ముందు ప్రశ్నను నిర్ణయించండి. ‘నయా ఉదారవాద విధానాలు, ప్రత్యామ్నాయాలు’ అన్న శీర్షిక పెడితే ఎవరు ఏం మాట్లాడినా చెల్లిపోతుంది గనుక నిర్వాహకులకు సుఖంగా ఉంటుంది, కానీ కరపత్రం చదివిన మనిషికి అది తన గురించేనని తోచదు. డెల్టా ప్రాంతంలోని పట్టణంలో సభ పెడుతుంటే ‘భూమి ఒకరిది, సాగు ఇంకొకరిది: పంట రుణం ఎవరికి?’ అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న వెనుక ఎంత చరిత్ర ఉందో చూడండి. 1973 భూసంస్కరణల చట్టం ఒక కుటుంబానికి భూమి తరగతిని బట్టి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాల పరిమితి పెట్టింది. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన అధీకృత సాగుదారుల చట్టం కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు ఇవ్వాలని చెప్పింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ఆ చట్టం స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చి, భూయజమాని సంతకంతో కూడిన 11 నెలల ఒప్పందం ఉంటేనే కార్డు అన్నది. ఆ సంతకం పెడితే భూమి పోతుందేమోనన్న భయంతో ఎందరు యజమానులు వెనకడుగు వేస్తారో ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు ఎకరానికి సీజనుకు 4,000 రూపాయలు, తరువాత 5,000 రూపాయలు పట్టాదారుకే ఇచ్చింది. ఎకరాల మీద పరిమితి పెట్టలేదు, కౌలుదారును లెక్కలోకి తీసుకోలేదు. సంపద ఎలా పోగవుతుంది, ప్రభుత్వ సాయం ఎవరి చేతికి చేరుతుంది, చట్టం ఎవరి భయాన్ని గౌరవిస్తుంది అనే పెద్ద ప్రశ్నలన్నీ ఈ చిన్న ప్రశ్నలోనే ఇమిడి ఉన్నాయి.

పట్టణ శ్రోతలకైతే ప్రశ్న వేరుగా ఉండాలి. మున్సిపాలిటీలో ఒకే వీధిని ఊడ్చే ఇద్దరిలో పర్మనెంటు ఉద్యోగికి ఒక జీతం, ఔట్‌సోర్సింగ్ కార్మికురాలికి ఇంకొక జీతం ఎందుకన్నది మంచి ప్రశ్న. అంగన్‌వాడీల మీద పెడితే, 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా ఆంధ్రప్రదేశ్‌లో 42 రోజులు సాగిన సమ్మె, మధ్యలో ప్రభుత్వం అత్యవసర సేవల్లో సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించడం, అంతకుముందు 2022 ఏప్రిల్‌లో అంగన్‌వాడీ సిబ్బందికి గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఈ మూడూ ఒక ఉపన్యాసానికి సరిపడా సరుకు. వారిని ఉద్యోగులనకుండా గౌరవ వేతనం తీసుకునేవారు అనడం వల్ల ప్రభుత్వానికి ఎంత ఆదా, వారికి ఎంత నష్టం అన్న లెక్క దగ్గర మొదలుపెడితే సంక్షేమ విధానమంటే ఏమిటో ఎవరికైనా అర్థమవుతుంది.

ప్రశ్న తేలాక అంకెల సంగతి చూడాలి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే అసమానతల మీద జరిగే ఉపన్యాసాలు ఎక్కువగా కూలిపోయేది ఇక్కడే. 2025లో కేంద్ర ప్రభుత్వం మన దేశపు జినీ సూచిక (అసమానతను 0 నుంచి 100 దాకా కొలిచే అంకె, ఎంత పెరిగితే అంత అసమానత) 25.5 అని, ప్రపంచంలో సమానత్వం ఎక్కువగా ఉన్న దేశాల్లో మనది నాలుగవ స్థానమని ప్రకటించింది. 2024లో పారిస్ కేంద్రంగా పనిచేసే ప్రపంచ అసమానతల పరిశోధనశాల 2022-23 నాటికి దేశంలో పైనున్న ఒక శాతం జనం చేతిలో ఆదాయంలో 22.6 శాతం, సంపదలో 40.1 శాతం ఉన్నాయని లెక్కగట్టింది. సభలో ఎవరో ఒక విద్యార్థి లేచి మొదటి అంకె చదివి వినిపిస్తాడు. వక్త దానికి ‘అది ప్రభుత్వ అబద్ధం’ అని ఊరుకుంటే, ఆ విద్యార్థిని శాశ్వతంగా పోగొట్టుకున్నట్టే. నిజానికి ఆ రెండు అంకెలూ రెండు వేర్వేరు విషయాలను కొలుస్తున్నాయి. 25.5 అన్నది కుటుంబాలు చేసే ఖర్చులోని తేడాను కొలిచే అంకె. నెలకు 15,000 రూపాయలు వచ్చే ఇల్లు దాదాపు అంతా ఖర్చు పెడుతుంది. నెలకు కోటి రూపాయలు వచ్చే ఇల్లు కోటీ ఖర్చు పెట్టదు, మిగిలినది భూమిగా, షేర్లుగా, బంగారంగా మారుతుంది. కనుక ఖర్చును కొలిస్తే తేడా తక్కువగా, ఆదాయాన్ని కొలిస్తే ఎక్కువగా, సంపదను కొలిస్తే ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. పైగా ఇంటింటి సర్వేలకు బాగా ఉన్నవారు సులభంగా చిక్కరు. ఆ 25.5 అంకెను లెక్కగట్టిన ప్రపంచ బ్యాంకు పత్రమే సమాచార పరిమితుల వల్ల అసమానత తక్కువగా అంచనా వేయబడి ఉండవచ్చని, ఆదాయాల జినీ 2004లో 52 ఉండగా 2023కి 62కు చేరిందని మరో లెక్కను కూడా పేర్కొన్నది. ఇంత నెమ్మదిగా విప్పి చెబితే ఆ విద్యార్థికి ఒక పరికరం ఇచ్చి పంపినట్టవుతుంది. ఇకపై ఏ అంకె విన్నా ఇది ఖర్చా, ఆదాయమా, సంపదా అని అడగడం అతనికి అలవాటవుతుంది.

అదే నిజాయితీ మన వైపు అంకెలకూ వర్తించాలి. ఒక శాతం జనం గురించిన లెక్కల్లో ఆదాయపు పన్ను గణాంకాలు, సర్వేలు, సంపన్నుల జాబితాలు కలిపి చేసిన అంచనాలున్నాయని వక్త చెప్పాలి. అంచనా అని చెప్పినంత మాత్రాన వాదన బలహీనపడదు. మొత్తం ఉపన్యాసంలో అయిదారు అంకెలకు మించి లేకుండా చూడండి. వాటినే పెద్ద అక్షరాలతో ఒక చార్టు మీద రాసి గోడకు అంటించండి. నా మాట నమ్మండి, ప్రొజెక్టరు కంటే చార్టు మేలు. సభ జరిగినంతసేపూ అది కళ్లముందే ఉంటుంది, కరెంటు పోయినా ఉంటుంది.

ఇంకా మంచి పద్ధతి ఒకటుంది. కౌలు మీద సభ అయితే వేదిక పక్కన నల్లబల్ల పెట్టి, ఉపన్యాసానికి ముందు వచ్చిన రైతులతోనే లెక్క రాయించండి. ఒక వరుసలో ఎకరానికి కౌలు ఎన్ని బస్తాలు, తరువాత దమ్ము, ఊడ్పులు, ఎరువులు, పురుగుమందులు, కోత యంత్రం, బయట తెచ్చిన అప్పుకు వడ్డీ. ఎదురుగా ఎకరానికి 75 కిలోల బస్తాలు ఎన్ని పండాయి, ఏ ధరకు అమ్మారు. ఒకరు 28 బస్తాలని చెబితే వెనక నుంచి ఇంకొకరు ‘మా వైపు అంత లేదండీ’ అంటారు. అక్కడే చర్చ మొదలవుతుంది. వక్త ఆ తరువాత మైకు అందుకుని ఆ బల్ల మీది లెక్క నుంచే మాట్లాడితే, శ్రమ చేసినవారికి దక్కని మిగులు విలువ గురించీ, భూమి కౌలు గురించీ పుస్తకాల్లో ఉన్న సిద్ధాంతాలు ఎవరూ పరాయిగా భావించని చోటి నుంచి మొదలవుతాయి. మిగులులో ఎంత కౌలుకు, ఎంత వడ్డీకి, ఎంత దుకాణదారు అరువుకు పోతుందో చూశాక, సాగుచేసినవాడికి మిగిలినదేమిటో బల్ల మీద అందరికీ కనిపిస్తుంది.

ఇప్పుడు వక్త విషయం. పేరున్నవారికంటే ఆ ప్రశ్న మీద పనిచేసినవారిని ఎంచుకోండి. విశ్వవిద్యాలయాల్లో అర్థశాస్త్రం చెప్పేవారు, కౌలు రైతుల సంఘాల్లో ఏళ్లుగా తిరిగినవారు, కార్మిక చట్టాల కేసులు వాదించే న్యాయవాదులు, ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో పనిచేసినవారు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. పిలిచేటప్పుడు ఫోనులో ‘మీకు తోచింది మాట్లాడండి సార్’ అనకండి. ప్రశ్న ఏమిటో, ఎవరు వస్తారో, ఎంతసేపు మాట్లాడాలో, చివర ఎంతసేపు జవాబులు చెప్పాలో ఒక పేజీ ఉత్తరంగా రాసి పంపండి. ప్రయాణ ఖర్చులు ఎవరు భరిస్తారో అందులోనే తేల్చి చెప్పండి. ఉద్యమంలో ఉన్నవారు గదా అని వారి బస్సు చార్జీలు వారి మీదే వదిలేయడం తప్పు. వక్త ఢిల్లీ నుంచో కేరళ నుంచో వచ్చి ఇంగ్లీషులోనో హిందీలోనో మాట్లాడితే తెలుగు అనువాదానికి సమయం రెట్టింపవుతుంది. అందుకని వారిని 25 నిమిషాలకు పరిమితం చేసి, అనువదించేవారికి ఉపన్యాసపు సారాంశం రెండు రోజుల ముందే అందేలా చూడాలి. హైదరాబాదులో 1921లో ఒక సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేశారు. ఆ అవమానం నుంచే తెలుగువారి సంఘంగా ఆంధ్ర జనసంఘం పుట్టింది. శ్రోతల భాషను చిన్నచూపు చూసిన సభ ఎంత గొప్ప విషయం చెప్పినా ఫలితం ఉండదు.

కులం సంగతి ఇక్కడే చెప్పాలి. అసమానతల గురించి మాట్లాడుతూ కులాన్ని చివర్లో ఒక వాక్యంగా చేర్చడం మన వామపక్ష వేదికల మీద చాలాకాలం జరిగిన లోపం. భూమి ఎవరి చేతిలో ఉంది, పారిశుద్ధ్య పని ఎవరు చేస్తున్నారు, కౌలుకు చేసేవారు ఎవరు అని అడిగితే జవాబులో కులం మొదటి వాక్యంలోనే వస్తుంది. 2024 నవంబరులో మొదలైన తెలంగాణ కుల సర్వేలో వెనుకబడిన తరగతులు 56 శాతానికి పైగా, ఎస్సీలు 17 శాతానికి పైగా, ఎస్టీలు 10 శాతానికి పైగా అని తేలింది. వేదిక మీద కూర్చునేవారిని చూసి, వీరిలో ఆ సమాజం కనిపిస్తున్నదా అని నిర్వాహకులు తమను తాము ప్రశ్నించుకోవాలి. మహిళల విషయంలోనూ అంతే. ‘వందన సమర్పణ’ కోసం మాత్రమే ఒక మహిళను పిలిచే అలవాటు ఇక మానుకోవాలి.

సభ జరిగే తీరు గురించి ఖండితంగా ఒక మాట. ఆరు గంటలకని వేసిన సభ ఆరున్నరకు మొదలవుతుంది. వేదిక మీద తొమ్మిది కుర్చీలు. ఒక్కొక్కరినీ పేరుపేరునా పిలిచి, శాలువా కప్పి, ‘రెండు మాటలు’ మాట్లాడమంటారు. ఒక్కొక్కరి రెండు మాటలూ పది నిమిషాలు. ముఖ్యవక్త మైకు అందుకునేసరికి ఎనిమిది. ఊళ్ల నుంచి వచ్చినవారికి చివరి బస్సు ఎనిమిదింబావుకు. మహిళలు అప్పటికే లేచి వెళ్లిపోయి ఉంటారు. వక్త గబగబా ముగిస్తారు, ప్రశ్నలకు సమయం లేదంటారు. ఇది ఎవరి దోషమూ కాదనుకుంటాం, కానీ ముమ్మాటికీ నిర్వాహకుల దోషమే. వేదిక మీద రెండే కుర్చీలు వేయండి, ఒకటి అధ్యక్షులకు, ఒకటి వక్తకు. మిగిలిన పెద్దలను ముందు వరుసలో కూర్చోబెట్టండి. శాలువాలు, మొమెంటోలు వద్దని కరపత్రంలోనే రాయండి. అలిగేవారు ఒకరిద్దరు ఉంటారు. ముందురోజు వారి ఇంటికి వెళ్లి విషయం వివరిస్తే చాలావరకు అర్థం చేసుకుంటారు. అధ్యక్షుల పరిచయం అయిదు నిమిషాలు, ఒక పాట, ఉపన్యాసం 40 నిమిషాలు, ప్రశ్నలు 45 నిమిషాలు. చివరి బస్సు సమయం కనుక్కుని దాని నుంచి వెనక్కు లెక్కగట్టి సభను మొదలుపెట్టండి. పాటను మాత్రం వదలకండి. 1943లో వామపక్ష కళాకారుల సంఘం ప్రజానాట్యమండలి పుట్టినప్పటి నుంచి మన సభలకు డప్పు, పాట ప్రాణం. ఆలస్యంగా వచ్చేవారు కుదురుకోవడానికీ అది పనికొస్తుంది.

హాలు, అనుమతుల గురించి క్లుప్తంగా. నాలుగు గోడల మధ్య జరిగే సభకు స్థానిక పోలీస్ స్టేషన్‌లో తేదీ, స్థలం, వక్త పేరుతో ముందే ఒక దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర, సంతకం తీసుకోవడం మంచిది. ఆరుబయట అయితే అనుమతి, మైకు అనుమతి తప్పనిసరి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు వాడరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. సభ తేదీన నిషేధాజ్ఞలు గానీ ఎన్నికల నియమావళి గానీ అమల్లో ఉన్నాయేమో కనుక్కోండి. అనుమతి నిరాకరిస్తే రాతపూర్వకంగా కారణం అడగండి. శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు రాజ్యాంగంలోని 19వ అధికరణ ఇచ్చినది. హాలు పెద్దదిగా ఉండి సగం ఖాళీగా కనిపించడం కంటే గ్రంథాలయంలోని చిన్న హాలు నిండటం మేలు. కుర్చీలు మెట్లెక్కలేనివారికి కూడా అందేచోట ఉండాలి. తాగునీరు, మరుగుదొడ్డి లేని హాలును మహిళలు వచ్చే సభకు అసలు తీసుకోకూడదు.

ప్రచారానికి ఫ్లెక్సీల మీద పెట్టే డబ్బు సగం దండగ. వాట్సాప్‌లో పంపిన పోస్టరు చూసి వచ్చేవారు మామూలుగా మనవారే. కొత్తవారు రావాలంటే వారున్నచోటికి వెళ్లాలి. తెల్లవారుజామున మున్సిపల్ కార్మికులు హాజరు వేయించుకునే మస్టర్ దగ్గర, మార్కెట్ యార్డులో హమాలీలు టీ తాగే వేళ, డిగ్రీ కళాశాల గేటు దగ్గర, అంగన్‌వాడీల సెక్టారు సమావేశం ముగిశాక. కరపత్రం చేతికిస్తూ ‘ఈ విషయంలో మీ అనుభవం ఏమిటండీ?’ అని అడిగి, చెప్పినది ఒక పుస్తకంలో రాసుకోండి. ఆ జవాబులను వక్తకు పంపండి. తాము చెప్పినది సభలో ప్రస్తావనకు వస్తుందని తెలిసినవారు తప్పక వస్తారు, పక్కింటివారిని కూడా తీసుకొస్తారు. కరపత్రంలో నిర్వహిస్తున్నది ఎవరో స్పష్టంగా రాయాలి. పార్టీ సభ అయితే పార్టీ సభ అనే రాయండి. తటస్థ వేదిక పేరుతో పిలిచి లోపల జెండా కనిపిస్తే మోసపోయామన్న భావన కలుగుతుంది, మళ్లీ రారు.

ఇక ప్రశ్నల సమయం. మన సభల్లో ప్రశ్న పేరుతో రెండో ఉపన్యాసం ఇచ్చేవారు ఉంటారు, వారిలో ఎక్కువమంది పాత కార్యకర్తలే. అధ్యక్షులు మొదట్లోనే ఒక్కొక్కరికి ఒక నిమిషం అని ప్రకటించి, దానికి కట్టుబడాలి. మొదటి మూడు ప్రశ్నలు మహిళలకూ, మొదటిసారి వచ్చినవారికీ ఇవ్వండి. నోరు విప్పడానికి జంకేవారి కోసం చీటీలు, పెన్సిళ్లు వరుసల్లో పంచండి. రాయడం రానివారి దగ్గరకు ఒక కార్యకర్త వెళ్లి విని రాయాలి. ఎదురు అభిప్రాయం ఉన్నవారికి చోటివ్వడం మరీ ముఖ్యం. ‘ప్రభుత్వం పప్పుబెల్లాల్లా డబ్బు పంచుతుంటే ఎవరు పనికి వస్తారు?’ అని ఒక చిన్న రైతో, దుకాణదారో అడగడం ఖాయం. అతన్ని చప్పట్లతో నవ్వులపాలు చేయకూడదు. కూలీ రేట్లు పెరగడం అతనికి నిజంగానే భారం. దానికి జవాబుగా 1983లో కిలో రెండు రూపాయల బియ్యం ఎవరి ఆకలి తీర్చిందో చెప్పవచ్చు. 2019 సెప్టెంబరులో కార్పొరేట్ పన్నును 30 నుంచి 22 శాతానికి తగ్గించినప్పుడు ఏడాదికి 1.45 లక్షల కోట్ల రూపాయల ఆదాయం వదులుకుంటున్నామని ప్రభుత్వమే ప్రకటించిన సంగతిని దాని పక్కన పెట్టవచ్చు. సంపద పన్నును 2015 బడ్జెట్టులో, వారసత్వ ఆస్తి మీద ఎస్టేట్ సుంకాన్ని 1985లో ఎత్తేశారని గుర్తుచేయవచ్చు. అప్పుడు ప్రశ్న ‘పంచాలా వద్దా’ అన్న చోటు నుంచి ‘ఎవరికి ఎంత వదులుతున్నారు’ అన్న చోటికి కదులుతుంది. ఆ రైతుకు కూడా గిట్టుబాటు ధర రాకపోవడానికీ, కూలీకి బతుకు గడవకపోవడానికీ ఉన్న సంబంధాన్ని వివరించే ఓపిక వక్తకు ఉండాలి.

వీడియో తీస్తున్నామని ముందే ప్రకటించి, శ్రోతల వైపు కెమెరా తిప్పకండి. కాంట్రాక్టు కార్మికులు, ఆశా వర్కర్లు మైకులో మాట్లాడిన మాట మరుసటిరోజు అధికారి ఫోనులో కనిపిస్తే వారి ఉద్యోగానికే ముప్పు. ప్రశ్నల భాగాన్ని వారి సమ్మతి లేకుండా యూట్యూబులో పెట్టరాదు. డబ్బు విషయంలో హాలు అద్దె, మైకు, టీ, కరపత్రాలు, ప్రయాణ ఖర్చుల జాబితా తయారుచేసి, సభ చివర డబ్బా తిప్పి విరాళాలు తీసుకుని, వచ్చినదీ పోయినదీ మరుసటిరోజే అందరికీ తెలిసేలా పెట్టండి. పుస్తకాల బల్ల గుమ్మం దగ్గర ఉండాలి, అక్కడ పది, ఇరవై రూపాయల చిన్న పుస్తకాలు ముందు వరుసలో ఉండాలి.

ఒక్క సభతో ఆగకుండా ఏటా ఒక తేదీ నిర్ణయించుకుంటే జనానికి అలవాటవుతుంది. మే 19న కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య వర్ధంతి, అక్టోబరు 8న పౌరహక్కుల ఉద్యమకారుడు బాలగోపాల్ వర్ధంతి సందర్భంగా స్మారకోపన్యాసాలు పెట్టే ఆనవాయితీకి ఉన్న బలం అదే. మే నెలలో అయితే ఎండ తగ్గాకే మొదలుపెట్టాలి. సభ ముగిసిన వారంలోపు నిర్వాహకులు మళ్లీ కూర్చుని, సమయం చాలక జవాబు రాని చీటీలన్నీ వక్తకు పంపించి, వారి జవాబులను ఆ ప్రశ్నలు అడిగినవారికి చేరవేయాలి. కౌలు కార్డుకు దరఖాస్తు ఎలా పెట్టాలని అడిగినవారుంటే ఒక కార్యకర్త వారితో కలిసి రైతు సేవా కేంద్రానికి వెళ్లాలి. తరువాతి ఉపన్యాసానికి ప్రశ్నను ఆ చీటీల్లో నుంచే ఎంచుకోవాలి.